మాత్రల డబ్బా ఎవరి చేతిలో వుంది?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వంటింటి పని ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు ఆస్పత్రుల కబుర్లు ఎందుకమ్మా అనుకుంటారేమో! కానీ ఈ కబురు ఆస్పత్రిలో మొదలైనా, ముగిసేది మన వంటింట్లోనే. అంచేత చెప్పక తప్పదు.

కిడ్నీ మార్పిడి అన్న మాట ఈ రోజుల్లో అందరూ వినే వుంటారు. చెడిపోయిన కిడ్నీలను సాధారణంగా తీసెయ్యరు. వాటిని అక్కడే వుంచి, ఇంకొకరు ఇచ్చిన కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమర్చి, రక్తనాళాలకూ మూత్రాశయానికీ కలుపుతారు. కొన్ని గంటల పని. ఆ తరువాత కొద్ది రోజులు ఆస్పత్రిలో వుంచి ఇంటికి పంపేస్తారు. ఊళ్లో అందరూ ‘ఆపరేషను సక్సెస్’ అంటారు. నేనూ అలాగే అన్నాను. ఆ మాట ఎంత తొందరపాటో మా వదినవల్ల తెలిసింది.

వదిన అంటే మా పెద్దమ్మగారి కోడలు. నాకంటే రెండేళ్లు పెద్దది. తన సంగతి నలుగురికీ చెప్పమని ఆవిడే అంది, పేరు మాత్రం వద్దంది. ఐదేళ్ల కిందట ఆవిడకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆఖరికి ఆవిడని కన్నతల్లే, అరవై దాటిన మనిషి, నా కిడ్నీ తీసుకోండి అని ముందుకి వచ్చింది. పరీక్షల్లో సరిపోయింది. ఆపరేషను బాగా జరిగింది.

పదిహేను రోజులకి వదిన ఇంటికి వచ్చింది. మర్నాడే మేము ఎనిమిదిమందిమి పరామర్శకి బయల్దేరాం. పలకరించకపోతే ఏమనుకుంటారో అని మనకి ఒక భయం కదా! ఇద్దరు పిల్లలకి జలుబు, అయినా తీసుకెళ్లాం. నేనైతే మా దొడ్లో కాసిన పంపరపనసకాయలు సంచినిండా మోసుకెళ్లాను. వదిన మాస్కు కట్టుకుని దూరంగా కూర్చుంటే, మాలో ఒకావిడ ‘ఏమిటో, మనమంటే అంటరానివాళ్లమైనట్టు’ అని గొణిగింది.

అప్పుడు నాకు తెలియని సంగతులు ఇప్పుడు చెబుతాను.

మన ఒంటికి ఒక గుణం వుంది. పరాయి పదార్థం ఏది లోపలికి వచ్చినా దాని మీద దాడి చేస్తుంది. సూక్ష్మక్రిములు వచ్చినప్పుడు అది మంచిదే. కానీ కన్నతల్లి ఇచ్చిన కిడ్నీ అయినా దానికి పరాయిదే! 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టరు జోసెఫ్ ముర్రే బృందం మొదటిసారి విజయవంతంగా కిడ్నీ మార్చగలిగిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే పోలికల కవలలు కావడమే కారణం. అన్నదమ్ముల శరీరాలు ఒకదానినొకటి పరాయి అనుకోలేదు. మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రిలో ఈ ఆపరేషను విజయవంతమైంది. తరువాత 1980 ప్రాంతాల్లో సైక్లోస్పోరిన్ వంటి మందులు వాడకంలోకి వచ్చాక కవలలు కానివారి మధ్య కూడా ఈ మార్పిడి బాగా నిలవడం మొదలుపెట్టింది. ఈ మందులు ఒంటి కోపాన్ని అణచివుంచుతాయి. ఇవాళ ఎక్కువగా వాడే ట్యాక్రోలిమస్ కూడా ఆ కోవలోదే.

అణచివుంచుతాయి అన్నాను గాని పోగొడతాయి అనలేదు. ఈ మందు మామూలుగా పన్నెండు గంటలకోసారి వేసుకోవాలి. పొద్దున్న ఎనిమిదికైతే రాత్రి ఎనిమిదికి. ఒకరోజు కాదు, ఒక ఏడాది కాదు, ఆ కిడ్నీ పని చేసినన్నాళ్లూ. మానేస్తే ఆ కోపం మళ్లీ లేస్తుంది. ఒళ్లు ఆ కిడ్నీని వద్దంటుంది. ఇంకో పక్క, ఈ మందుల వల్లనే మనిషికి రోగాల నుంచి కాపాడుకునే శక్తి తగ్గుతుంది. మన పిల్లవాడి జలుబు మనకి రెండు రోజుల తుమ్ము. ఆవిడకి అది ఆస్పత్రి మంచం. మాస్కు ఆవిడ పెట్టుకున్నది మన నుంచి తనను కాపాడుకోవడానికి. తన జబ్బు మనకి అంటుతుందని కాదు. కిడ్నీ జబ్బు అంటువ్యాధి కానే కాదు.

ఇక నా పంపరపనసకాయలు! ఆ పండు, దాని చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ పండు, ఈ మందు రక్తంలో మోతాదుకి మించి పెరిగేలా చెయ్యగలవు. మందు ఎక్కువైతే చేతులు వణుకుతాయి, కిడ్నీకే హాని. ప్రేమతో తీసుకెళ్లినదే విషమయ్యేది. అదృష్టవశాత్తు ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితం వదిన దగ్గర వుంది. నన్ను నొప్పించకుండా, ‘పిల్లలు తింటార్లే’ అని పక్కన పెట్టింది.

ఇదంతా మొదటి మూడు నెలల మాట. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ జాగ్రత్తగానే వున్నారు. నీళ్లు కాచి ఇచ్చేవారు. వేడివేడిగా వండి పెట్టేవారు. అన్నయ్య దుకాణం మూసి వారానికి రెండుసార్లు రక్తపరీక్షకి తీసుకెళ్లేవాడు. తరువాత తరువాత వదిన మొహంలో కళ వచ్చింది. లేచి తిరిగింది. తిరిగింది కనుక వంట చేసింది. వంట చేసింది కనుక అందరూ ఆవిడ రోగి అన్న సంగతి మరిచిపోయారు.

అసలు కథ అక్కడ మొదలైంది. మందులకి నెలకి 10 వేల పైచిలుకు. దుకాణం అంతంత మాత్రం. కొడుక్కి ఇంటర్మీడియట్ కోచింగు ఫీజు. అత్తగారి మోకాళ్ల నొప్పులు. ఎవరి ఖర్చు తగ్గించాలి? ఈ ప్రశ్న ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. వదిన తనలో తానే అడుగుకుంది, తనే జవాబు చెప్పుకుంది. రాత్రి మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. ‘ఒంట్లో బాగానే వుంది కదా’ అనుకుంది. కార్తీకమాసం వచ్చింది. సోమవారాలు నక్షత్రాలు కనబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టని అలవాటు. ఆ రోజుల్లో పొద్దుటి మాత్రలూ లేవు, నీళ్లూ లేవు. రెండు నెలలు రక్తపరీక్ష వాయిదా వేసింది.

ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవలసింది ఒకటి వుంది. కిడ్నీ దెబ్బ తినేటప్పుడు చాలాసార్లు నొప్పి వుండదు, జ్వరం వుండదు. రక్తంలో క్రియాటినిన్ అనేదాన్ని కొలిస్తేనే బయటపడుతుంది. అంచేత ‘బాగానే వున్నాను’ అన్నది పరీక్ష మానడానికి కారణం కాకూడదు. వదినకి పాదాలు వాచి, మూత్రం తగ్గాక గాని ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. 1.1 వుండవలసింది 2.4కి చేరింది. సూదితో కిడ్నీలో చిన్న ముక్క తీసి చూశారు. ఒళ్లు కిడ్నీని తిరస్కరిస్తోందన్నారు.

ఆ రోజు డాక్టరుగారి గదిలో నేనూ వున్నాను. తిడతారేమో అని మేమంతా తల వంచుకుని కూర్చున్నాం. ఆయన తిట్టలేదు. వదినని ఒక్కటే అడిగారు.

‘అమ్మా, మీ ఇంట్లో మాత్రల డబ్బా ఎవరి చేతిలో వుంటుంది?’

‘నా చేతిలోనేనండీ.’

‘మీవారి బీపీ మాత్రలు?’

‘అవీ నేనే ఇస్తానండీ.’

‘అత్తగారివి?’

‘అవీ నేనే.’

‘మరి మీకు ఎవరిస్తారు?’

వదిన మాట్లాడలేదు. అన్నయ్య కిటికీ వైపు చూశాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మూడు రోజులు స్టెరాయిడు ఇంజెక్షన్లు ఇచ్చారు. కిడ్నీ దక్కింది. కాని పూర్తిగా పూర్వస్థితికి రాలేదు. క్రియాటినిన్ 1.6 దగ్గర ఆగింది. ఆ తల్లి ఇచ్చిన కానుకలో కొంత మనం పారబోసుకున్నట్టే కదా!

ఇప్పుడు ఇంకో ఇంటి సంగతి చెబుతాను. మా మేడమీద వాటాలో ఒక మాస్టారు వుండేవారు. ఆయనకీ కిడ్నీ మార్పిడి అయింది. ఇచ్చింది భార్య. ఆయన మందుల వేళకి ఆ పిన్నిగారి సెల్‌ఫోను మోగేది. పళ్లెంలో అన్నం, పక్కన మాత్ర, గ్లాసులో కాచి చల్లార్చిన నీళ్లు. ఏడేళ్లయింది, ఆయన చక్కగా తిరుగుతున్నారు. చూడముచ్చట వేస్తుంది. కాని ఆపరేషనయిన నెల తిరక్కుండానే ఆ పిన్నిగారు నీళ్ల డబ్బా మోసుకుంటూ మెట్లెక్కడం నేను కళ్లారా చూశాను. ‘మీకు కూడా కోత పడింది కదండీ’ అంటే, ‘నేను రోగిని కాదు కదమ్మా’ అని నవ్వేసింది.

ఇద్దరు రోగులు, అవే మందులు. తేడా ఎక్కడ వచ్చింది? ఆయనకి ఇంట్లో ఒక ఇల్లాలు వుంది. వదినకి లేదు, ఎందుకంటే ఆ ఇల్లాలు తనే!

ఇది మా ఇళ్లలోని ముచ్చట మాత్రమే అనుకోకండి. జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం, 1995 నుంచి 2021 దాకా మన దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో 29,695 మగవారికి, 6,945 మాత్రమే ఆడవారికి. అంటే అవయవం పుచ్చుకున్న ఐదుగురిలో నలుగురు పురుషులు. జబ్బు ఆడవాళ్లనేమీ వదిలిపెట్టదు. బతికుండగా తమ అవయవం ఇచ్చేవారిలో మాత్రం ఎక్కువమంది భార్యలూ, తల్లులే. ఇవ్వడానికి మనం ముందుంటాం. పుచ్చుకోవలసి వస్తే మొహమాటపడతాం. ‘నాకెందుకింత ఖర్చు’ అంటాం. నోటితో అనకపోయినా, వదినలాగ మాత్ర మానేసి అంటాం.

ఇక కొంచెం దూరం చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను పట్టి పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమయ్యేదాకా, పెద్ద వైద్యానికి చాలామంది విశాఖపట్నం దారి పట్టవలసి వచ్చేది. రోజుకూలి మీద బతికే ఇంట్లో రోగి వెంట ఒకరు వెళ్లారంటే ఆ రోజు ఇద్దరి కూలీ పోయినట్టే. మార్పిడి చేయించుకున్నవారు మొదటి నెలల్లో ఆస్పత్రికి దగ్గరలోనే గది అద్దెకి తీసుకోవాలి. ఆ అద్దె, ఆ ఆటో ఖర్చు, ఆ పోయిన కూలి ఆస్పత్రి బిల్లులో కనబడవు. కాని పరీక్ష మానేసేది వాటివల్లనే. డాక్టరు ‘మందు సరిగ్గా వాడలేదు’ అని రాసుకుంటారు. ఎందుకు వాడలేదో రాసుకునే గడి ఆ కాగితంలో వుండదు.

అలాంటప్పుడు అడగవలసిన చోట అడగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే మాటతోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతోనూ నడుస్తోంది. కిడ్నీ మార్పిడికి అందులో ఏమి సాయం వుంది, తరువాతి మందులు ఏవి, ఎన్నాళ్లు ఇస్తారు అన్నది ఆస్పత్రిలో వుండే ఆరోగ్యమిత్రను ఆపరేషనుకి ముందే అడిగి తెలుసుకోండి. కిడ్నీ మార్పిడికో, డయాలిసిస్‌కో వెళ్లే రోగికి, తోడు వెళ్లే ఒకరికి రైల్లో స్లీపరు తరగతి టిక్కెట్టు మీద 75 శాతం రాయితీ వుంది. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అవయవం ఇచ్చినవారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, 2023 నుంచి 42 రోజుల దాకా ప్రత్యేక సెలవు దొరుకుతోంది. ఈ 42 రోజుల మాట గృహిణులు కూడా చెవిన వేసుకోవాలి. ఉద్యోగికి అన్ని రోజుల విశ్రాంతి అవసరమని సర్కారే ఒప్పుకున్నప్పుడు, నీళ్ల డబ్బా మోసే ఇల్లాలికి అక్కర్లేదా?

దగ్గరి బంధువుల్లో ఇచ్చేవారు లేకపోతే, చనిపోయినవారి అవయవాల కోసం పేరు నమోదు చేసుకోవచ్చు. 2013లో మన రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్ పథకం దీనికోసమే. రిజిస్టరయిన ఆస్పత్రి ద్వారా పేరు ఎక్కించుకోవాలి. డబ్బిచ్చి అవయవం కొనుక్కోవడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆశ చూపించే దళారుల మాట నమ్మకండి.

ఇప్పుడు మనింట్లోనో, మన చుట్టాల్లోనో ఇలాంటి మనిషి వుంటే మనం చెయ్యగలిగినవి చెబుతాను.

మొట్టమొదటిది, రోగి ఎవరైనా సరే, మాత్రల డబ్బా చూసే బాధ్యత ఇంకొకరికి కూడా వుండాలి. రోగి మర్చిపోతే గుర్తుచేసే మనిషి ఒకరు కావాలి. వారానికి సరిపడా మాత్రలు ఆదివారం నాడు గడుల డబ్బాలో సర్దిపెట్టుకోవాలి. ఏ గడి ఖాళీ కాలేదో చూడగానే తెలుస్తుంది. రక్తంలో మందు ఎంత వుందో చూసే పరీక్షనాడు మాత్రం, పొద్దుటి మాత్ర చేత్తో పట్టుకెళ్లి, రక్తం ఇచ్చాకనే వేసుకోవాలి.

రెండోది, ఇంటద్దె ఎలా ముందే తీసి పక్కన పెడతామో, మందుల డబ్బు కూడా అలాగే తియ్యాలి. మిగిలితే కొనే వస్తువు కాదది. షాపువాడు ‘ఆ కంపెనీది లేదు, ఇదీ అదే’ అని ఇంకోటి ఇస్తే డాక్టరుని అడగకుండా మార్చకూడదు. ఒళ్లు నొప్పులకి మనమే కొనుక్కునే నొప్పి మాత్రలు, నాటుమందులు, పసరులు అసలే వద్దు.

మూడోది తిండి. తాజాగా వండినది, వేడిగా వున్నప్పుడే పెట్టాలి. నిన్నటి పులుసు, బండి మీద పచ్చడి, కాచని పాలు, మొలకెత్తిన పచ్చి గింజలు పనికిరావు. అందరూ తిన్నాక మిగిలినది తినే అలవాటు మన ఆడవాళ్లకి వుంది చూశారూ, అది మార్పిడి అయిన మనిషికి ప్రాణం మీదకి తెస్తుంది. ముందు ఆవిడకి వడ్డించండి.

నాలుగోది, పరామర్శ. మొదటి నెలల్లో గుంపుగా వెళ్లకండి. జలుబున్న పిల్లల్ని తీసుకెళ్లకండి. స్టెరాయిడు మందులవల్ల మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. ‘అయ్యో, ఎలా వుండేదానివి ఎలా అయిపోయావు’ అనకండి. ఆ మాట విని మందు మానేసే వయసు పిల్లలున్నారు. నిజంగా సాయం చెయ్యదలిస్తే వాళ్ల పిల్లల్ని బడి నుంచి తీసుకురండి. లేకపోతే పరీక్షనాడు తోడు వెళ్లండి.

ఐదోది, చిన్న వయసు కోడళ్ల విషయం. ఆపరేషనయిన ఆడపిల్లకి పిల్లలు పుట్టరని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అయితే కనీసం ఒక ఏడాది ఆగాలి. వాడే మందుల్లో ఒకటి కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. దాన్ని డాక్టరు ముందుగా మార్చాలి. అంచేత ‘ఏమైనా విశేషమా’ అని అత్తగార్లు తొందరపెట్టకూడదు. ఆ మాట డాక్టరు చెప్పాలి.

జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, పాదాలు వాచినా, బరువు గబగబా పెరిగినా, కిడ్నీ పెట్టినచోట నొప్పి వచ్చినా రేపు చూద్దాం అనకుండా ఆస్పత్రికి వెళ్లాలి. కిడ్నీ ఇచ్చినవారిని కూడా ఏడాదికోసారి పరీక్ష చేయించాలి.

మా వదిన సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు ఆస్పత్రి నుంచి వచ్చాక అన్నయ్య ఏమీ ఉపన్యాసాలు ఇవ్వలేదు. డబ్బా తీసుకెళ్లి తన దుకాణం తాళాల పక్కన పెట్టుకున్నాడు. పొద్దున్న దుకాణం తియ్యబోయే ముందు, రాత్రి భోజనానికి కూచోబోయే ముందు, చేతిలో మాత్ర, గ్లాసుతో నీళ్లు తనే తెచ్చి ఇస్తున్నాడు. కోచింగుకి వెళ్లే కొడుకు అన్నం గిన్నె కడగడం నేర్చుకున్నాడు. కార్తీకమాసం మళ్లీ వచ్చినప్పుడు వదిన భయపడుతూనే పెద్దమ్మని అడిగింది. జన్మలో ఒక సోమవారం ఎరగనంత నిష్ఠ గల మనిషి పెద్దమ్మ. ఆవిడ అన్న మాట ఇది: ‘నీ వంతు ఉపవాసం కూడా నేనే వుంటాను. నువ్వు టిఫిను తిని మందేసుకో. శివుడితో నేను మాట్లాడతాలే.’

ఐదేళ్లయింది. ఆ కిడ్నీ ఇంకా పని చేస్తూనే వుంది.

ఈ రాత్రి మీరు ఇంట్లో ఎవరికైనా మాత్ర అందించేటప్పుడు, మీ మాత్ర ఎవరు అందిస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఎవరూ లేకపోతే అడగండి. అడగడం తప్పు కాదు.